అర్ధరాత్రి నెత్తురు చుక్క

మా అమ్మమ్మగారింట్లో రాత్రి పదిన్నర దాటాక వీధి తలుపు చప్పుడైతే దొంగలేమోనన్న భయం ఎవరికీ కలిగేది కాదు. "ఫైలేరియావాళ్ళొచ్చినట్టున్నారు, పిల్లల్ని లేపనివ్వకండర్రా" అనేది అమ్మమ్మ, మంచం దిగకుండానే. పాపం, వాళ్ళొచ్చేదే నిద్రపోయేవాళ్ళని లేపడానికి!

ఏలూరు వన్‌టౌన్‌లో, తమ్మిలేటి గట్టుకి మరీ దూరం కాని పాత పెంకుటిల్లు అది. వేసవి సెలవలకి భీమవరం నుంచి అమ్మా, నేనూ, తమ్ముడూ అక్కడికి చేరేవాళ్ళం. ఏలూరనగానే అందరూ తివాచీల గురించి చెబుతారు. మాకు మాత్రం ముందు గుర్తొచ్చేవి దోమలు. దీపాలు పెట్టేవేళకి వేపాకు పొగ వేసి, మంచాలు దొడ్లో వరసగా వేసి, దోమతెరలు కట్టేవాళ్ళు. తెర అంచు సరిగ్గా పరుపు కిందకి దోపకపోతే తాతయ్య కేకలు. ఎంత దోపినా తెల్లారేసరికి తెరలోపల నెత్తురు తాగి, ఎగరలేక కూచున్న దోమలు నాలుగైనా కనిపించేవి.

1988 వేసవి సంగతి. నాకు ఎనిమిదేళ్ళు. ఆ రాత్రి ఇద్దరొచ్చారు. ఒకాయన పెద్దాయన, కళ్ళజోడు. రెండో కుర్రాడి చేతిలో చెక్కపెట్టె, చంకలో పెద్ద పుస్తకం. పెట్టెలో గాజుపలకలు, స్పిరిట్ సీసా, దూది, సూదులు. ఆ స్పిరిట్ వాసన తగలగానే తమ్ముడు ఏడుపందుకున్నాడు.

"ఇంట్లో ఎంతమందండీ?" అన్నాడు పెద్దాయన.

"ఐదుగురమండి" అంది అమ్మమ్మ.

నేను వేళ్ళమీద లెక్కపెట్టాను. తాతయ్య, అమ్మమ్మ, అమ్మ, పిన్ని, నేను, తమ్ముడు. ఆరు. నోరు తెరవబోతే అమ్మ నా భుజం గట్టిగా నొక్కింది. ఆయన వరసగా వేసిన మంచాలకేసి చూశాడు.

"మరి ఆరో మంచం ఎవరిదమ్మా?"

"వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ ఒకటి వేసుంచుతామండి" అంది అమ్మమ్మ, కళ్ళు ఆర్పకుండా.

పిన్ని ఆ సమయంలో వంటింట్లో అటకమీద, చింతపండు కుండల మధ్య నక్కి ఉంది. పై ఆదివారం తాడేపల్లిగూడెం నుంచి పెళ్ళివారు వస్తున్నారు. అబ్బాయి తండ్రికి అక్కడ ఉల్లిపాయల కమీషన్ వ్యాపారం. ఇలాంటప్పుడు పిల్ల పేరు ఫైలేరియావాళ్ళ పుస్తకంలోకి ఎక్కితే ఇంకేమైనా ఉందా! పుస్తకం ఎవరు చూస్తారో, ఏ నోట ఏ మాట జారుతుందో. అమ్మమ్మ భయం అది. ఆ భయం వెనక అమ్మమ్మ కాలుంది.

ఆమె ఎడమకాలు మోకాలి కింద నుంచి పాదం దాకా దిమ్మలా ఉండేది. చర్మం మందంగా, గరుగ్గా, చేపపొలుసులా. చీర కుచ్చెళ్ళు నేలమీద జీరాడేలా కట్టేది. ఎందుకలా ఈడ్చుకుంటూ కడతావని అడిగితే "మావాళ్ళంతా అలాగే కడతారే" అనేది. అమ్మమ్మ పుట్టింది కొల్లేటి లంకలో. పెళ్ళయి ఏలూరొచ్చిన కొన్నేళ్ళకి కాలు వాచడం మొదలైంది. "కొల్లేటి నీళ్ళు తాగిన కాలు" అందట వాళ్ళత్తగారు. ఆ మాట ఈమె బతుకంతా మోసింది. ఆమె మంచినీళ్ళ చెంబు వేరు. శుభకార్యాల్లో వెనక వరసే. ఒకరు చెయ్యమన్నది కాదు. తనకి తానే అలవాటు చేసుకుంది.

ఆ రాత్రి అందరి వేళ్ళూ పొడిచారు. దూదితో తుడవడం, చటుక్కున ఒక పొడుపు, వేలు నొక్కి గాజుపలకమీద చుక్కలు తియ్యడం, ఇంకో పలక మూలతో వాటిని గుండ్రంగా పరచడం, నంబరు గియ్యడం. అంతే. నిజం చెప్పాలంటే నొప్పి చీమకుట్టినంత. కానీ గాఢనిద్రలోంచి లేపి, కళ్ళలో టార్చిలైటు వేసి, ఎవరో మగవాడు చెయ్యి పట్టుకు సూది గుచ్చడం ఉందే, ఆ అసహ్యం, ఆ ఉక్రోషం వేరు. ఆడవాళ్ళకి మరీను. పగలు రావచ్చు కదా, మాపటేళ దయ్యాల్లా ఈ తిరుగుడేమిటని మా వీధి వీధంతా తిట్టేది.

పగలెందుకు రారు? ఈ ప్రశ్నకి నాకు జవాబు దొరకడానికి చాలా ఏళ్ళు పట్టింది. నేను చదివింది బి.ఏ., చరిత్ర. ఈ వెతుకులాటలో చివరికి నాకు అక్కరకొచ్చిందీ చరిత్రే.

ఈ జబ్బు మనకి కొత్తది కాదు. సంస్కృతంలో దీని పేరు శ్లీపదం. సుశ్రుత సంహితలో దీని గురించి ఉంది. పాతనీరు ఎప్పుడూ నిలవుండి, అన్ని రుతువుల్లోనూ చల్లగా ఉండే ప్రాంతాల్లో ఇది ఎక్కువగా వస్తుందని రాశారు. చదివితే మన డెల్టాని చూసి రాశారా అనిపిస్తుంది. అటు కృష్ణ, ఇటు గోదావరి, మధ్య పళ్ళెంలా కొల్లేరు. బుడమేరూ తమ్మిలేరూ వచ్చి అందులో పడతాయి, ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి దారి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలొచ్చాయి, అన్నం వచ్చింది. నీళ్ళు ఏడాది పొడుగునా నిలిచాయి కూడా. సరే, నీటికీ కాలికీ ఏదో చుట్టరికం ఉందని మనవాళ్ళు ఏనాడో పట్టేశారు. ఆ చుట్టరికం ఏమిటన్నది తేలడానికే అన్ని వందల ఏళ్ళు.

1863లో పారిస్‌లో ఒక డాక్టరు, 1866లో బ్రెజిల్‌లో మరొకాయన రోగుల వంటిలోంచి తీసిన ద్రవాల్లో కంటికానని పురుగుపిల్లల్ని చూశారు. 1872లో మన కలకత్తాలో తిమోతి లూయిస్ అనే డాక్టరు వాటిని మనిషి నెత్తుట్లోనే చూశాడు. అప్పటిదాకా పారే నెత్తుట్లో పురుగులుంటాయంటే నమ్మేవాళ్ళెవరు? 1876లో ఆస్ట్రేలియాలో బాంక్రాఫ్ట్ అనే ఆయనకి తల్లిపురుగే దొరికింది. బెత్తెడు పొడుగు, దారమంత సన్నం. కాళ్ళలో, గజ్జల్లో ఉండే శోషనాళాల్లో కాపురం పెట్టి, ఏళ్ళ తరబడి అక్కడే ఉండి, లక్షల్లో పిల్లల్ని నెత్తుట్లోకి వదులుతుంది.

ఇక అసలు కథ చైనాలో. ఆమోయ్ అనే రేవు పట్నంలో పాట్రిక్ మాన్సన్ అనే స్కాట్లండు డాక్టరు ఉండేవాడు. ఈ పురుగుపిల్లలు ఒక వంటిలోంచి ఇంకో వంటిలోకి ఎలా పోతాయన్నది ఆయన్ని పట్టుకున్న ప్రశ్న. తమంతట తాము బయటికి రాలేవు కదా, నెత్తురు పీల్చేది ఏదో తీసుకుపోతుండాలి, అంటే దోమేనేమో అనుకున్నాడు. ఆయన తోటమాలి హిన్ లో నెత్తుట్లో ఈ పురుగుపిల్లలున్నాయి. 1877లో మాన్సన్ అతన్ని రాత్రిపూట ఒక గదిలో పడుకోబెట్టి, దోమల్ని వదిలి, తెల్లారి నెత్తురు తాగిన దోమల్ని పట్టి, ఒక్కొక్కదాన్నీ కోసి చూశాడు. పురుగుపిల్లలు దోమ వంటిలో చావలేదు సరికదా, రోజురోజుకీ ఎదుగుతున్నాయి! ఒక మనిషి జబ్బు దోమ కడుపులో పెరుగుతుందని ప్రపంచానికి తెలిసింది అప్పుడే.

పుస్తకాలన్నీ మాన్సన్ గురించే రాస్తాయి. నాకు మాత్రం ఆ తోటమాలే కళ్ళముందు కనిపిస్తాడు. యజమాని మాట కాదనలేక, దోమల గదిలో దుప్పటి కప్పుకోకుండా పడుకున్న మనిషి. అతనికి ఏం చెప్పి ఒప్పించారో, రాత్రంతా ఎలా గోక్కున్నాడో. మాన్సన్ చూపిన ఈ దారి పట్టుకునే ఇరవయ్యేళ్ళకి రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో మలేరియా గుట్టు విప్పాడు. 1897 ఆగస్టు అది. అక్కడా ఒక హుసేన్ ఖాన్ ఉన్నాడు. దోమ కుట్టినదానికల్లా అణా చొప్పున ఇచ్చారట. వీళ్ళ పక్కన పెడితే మా వేలికొస చుక్క ఏపాటిది!

రాత్రి సంగతి కూడా మాన్సనే కనిపెట్టాడు. పగలూ రాత్రీ వంతులవారీగా నెత్తురు తీయించి చూస్తే, పగలు పలకమీద ఒక్కటీ లేదు. పొద్దుగూకాక ఒకటీ అరా. అర్ధరాత్రికి గుంపులు గుంపులు. తెల్లారేసరికి మళ్ళీ ఖాళీ. పగలంతా అవి ఊపిరితిత్తుల్లోని నాళాల్లో దాక్కుంటాయి. రాత్రి పది నుంచి రెండింటి దాకా పైపైన, చర్మం కిందికి వస్తాయి. ఎందుకంటే మన డెల్టాలో ఈ జబ్బుని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది రాత్రుళ్ళే. దోమ ఏ వేళకొస్తుందో పురుగుకి తెలుసు! మొదట విన్నవాళ్ళు నవ్వారు, ఏం, పురుగులు గడియారం కూడా పెట్టుకున్నాయా అని. తరవాత లండన్‌లో మెకంజీ అనే డాక్టరు ఇంకో తమాషా చేశాడు. 1881 ప్రాంతంలో ఒక రోగిని పగలు పడుకోబెట్టి, రాత్రుళ్ళు మేలుకోబెట్టాడు. కొన్నాళ్ళకి పురుగులు కూడా తమ వేళ మార్చుకుని పగలు పైకి రావడం మొదలెట్టాయి. సీరియల్ గడువు ముంచుకొచ్చినప్పుడు రాత్రంతా మేలుకుని రాసి మధ్యాహ్నాలు నిద్రపోయే నాలాంటిదాని దగ్గరికొస్తే ఫైలేరియావాళ్ళు ఏ వేళకి రావాలో!

అదీ సంగతి. పెద్దాయన పగలు వచ్చి పొడిస్తే పలకమీద ఏమీ కనపడదు. దయ్యాల్లా తిరగడం ఆయన సరదా కాదు. పురుగు వేళ అది.

ఇంత కనిపెట్టిన మాన్సన్ కూడా ఒక దగ్గర పప్పులో కాలేశాడు. పురుగు మోసే దోమ నీళ్ళమీద గుడ్లుపెట్టి చచ్చిపోతుంది, ఆ నీళ్ళు తాగినవాళ్ళకి జబ్బు వస్తుంది అనుకున్నాడు. కుట్టినప్పుడే ఎక్కుతుందన్న సంగతి 1900లో గానీ తేలలేదు. దోమ తొండంలో పురుగుని లో అనే కుర్ర డాక్టరు చూపించాడు. అంటే అంతటి డాక్టరూ, మా అమ్మమ్మ అత్తగారూ ఒకే పొరపాటు పడ్డారు. ఇద్దరూ నీళ్ళనే తప్పుపట్టారు. డాక్టరు పొరపాటు పుస్తకాల్లో దిద్దుకుంది. అత్తగారి మాటని దిద్దినవాళ్ళు లేరు. పైగా ఈ క్యూలెక్స్ దోమకి కావలసింది కొల్లేటిలాంటి విశాలమైన నీళ్ళు కావు. మురుగు కాలవ, పాయిఖానా గుంట, ఇంటెనక నిలిచిన కుడితి నీళ్ళు. అవి లంకలోకంటే ఏలూరు వీధుల్లోనే ఎక్కువ.

రెండు వారాల తరవాత ఫలితం చెప్పడానికి ఆ కుర్రాడు పగలే వచ్చాడు. తాతయ్య వీధరుగుమీద కూచుని పేపరు చదువుకుంటున్నారు. డెబ్భై ఏళ్ళకి దగ్గరపడ్డా ఏనాడూ తలనొప్పని పడుకున్న మనిషి కాదు. రోజూ తమ్మిలేటి గట్టుమీద నాలుగు మైళ్ళు నడక.

"మీ నెత్తుట్లో ఉన్నాయండి" అన్నాడు కుర్రాడు.

"ఆవిడ సంగతేనా?" అన్నారు తాతయ్య లోపలికి చూపిస్తూ.

"కాదండి, మీకే. ఆవిడగారికి ఏమీ లేవు."

తలుపు చాటునుంచి విన్న అమ్మమ్మ ఒక్క క్షణం ఏమీ అనలేదు. తరవాత ఫక్కున నవ్వింది. "కాలు నాదీ, పురుగులు ఆయనవీనా!" అంది. నవ్వుతూనే కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వులో ఏముందో తెలిసే వయసు కాదు నాది.

ఈ జబ్బులో పెద్ద చిక్కే ఇది. కాలు వాచినవాళ్ళలో చాలామందికి నెత్తుట్లో ఏమీ ఉండదు. పురుగులు చచ్చిపోయో, నాళాలు పాడైపోయో, పిల్లలు నెత్తుట్లోకి రావు. దోమ వాళ్ళని ఎంత కుట్టినా ఎవరికీ జబ్బు మోసుకుపోదు. నెత్తుట్లో పురుగులు ఈదేవాళ్ళు పైకి రాయిలా ఉంటారు. నడుస్తారు, పెళ్ళిళ్ళకి వెళతారు, ముందు వరసలో కూచుంటారు. దోమకి విందు పెట్టేది వాళ్ళే. ఒకటీ రెండూ కుట్టినంత మాత్రాన రాదట, ఏళ్ళ తరబడి వందలసార్లు కుట్టాలి. కాబట్టి ఎవరి వల్ల ఎవరికి వచ్చిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. కానీ చెంబు వేరు పెట్టుకున్నది అమ్మమ్మ.

1955లో మన ప్రభుత్వం జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ముందు ఊరందరికీ మాత్రలు మింగించాలని చూసింది. సాగలేదు. మాత్ర వేసుకుంటే జ్వరం, తలనొప్పి, వాంతి. మంచిగా ఉన్నవాణ్ణి మందిచ్చి మంచం ఎక్కించారని జనం తిరగబడ్డారు. ఆ జ్వరం మందు చేసే చెడు కాదు, పురుగులు చస్తున్నందుకు వచ్చే జ్వరం. ఎవరికి ఎక్కువ పురుగులుంటే వాళ్ళకే ఎక్కువ బాధ. ఈ సంగతి చెబితే వినేదెవరు? చివరికి ఊరందరికీ మాత్రలన్నది మానేసి, నెత్తుట్లో పురుగులున్నవాళ్ళని వెతికి పట్టుకుని వాళ్ళకే ఇవ్వడం మొదలెట్టారు. అదుగో, అలా మొదలైంది మా వీధుల్లో అర్ధరాత్రి తలుపు చప్పుడు. వెతకాల్సింది జబ్బుగా కనిపించేవాళ్ళని కాదు. ఆరోగ్యంగా కనిపించేవాళ్ళని. అటకమీద దాక్కున్నవాళ్ళని.

తాతయ్యకి పన్నెండు రోజులకి మాత్రలిచ్చారు. రెండోరోజు రాత్రి ఒణుకుతూ జ్వరం. జీవితంలో మొదటిసారి మంచమెక్కారు. అమ్మమ్మ పక్కన కూచుని నుదుటిమీద తడిగుడ్డ వేసింది. కోర్సు పూర్తి చేయించింది కూడా ఆవిడే. లెక్కపెట్టి, నోట్లో వేసి, నీళ్ళు తాగించి, "ఏదీ, నోరు తెరవండి" అనేది.

ఆ మాత్ర పేరు హెట్రజాన్. దాని పుట్టుక నేను చదివినరోజు పుస్తకం మూసేసి చాలాసేపు ఊరికే కూచున్నాను. దాన్ని తయారుచేసింది అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాల. ఆ పరిశోధనలకి పెద్ద ఎవరంటారు? యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో మా భీమవరంలో పుట్టినాయన!

రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవుల్లో యుద్ధానికెళ్ళిన అమెరికా సైనికులు వేలమందికి ఫైలేరియా అంటుకుంది. ఇక చూడండి, అప్పటిదాకా మనలాంటి బీదదేశాల జబ్బు, ఎవరికి పట్టింది? సొంత కుర్రాళ్ళకి వచ్చేసరికి మందు కావలసొచ్చింది. వందల రసాయనాలు తీసుకుని ఎలుకలమీద పరీక్షించి, చివరికి ఒకటి పట్టారు. 1947లో దాన్ని బయటపెట్టిన పరిశోధకుల పట్టికలో సుబ్బారావుగారి పేరుంది. అదే ఏడు పోర్టోరికో దీవిలో రోగులకి ఇచ్చి చూశారు. నెత్తుట్లో పురుగులు మాయం. ఆ యుద్ధం మా తాడేపల్లిగూడేనికి విమానాలు దిగే బాట ఒకటి ఇచ్చిపోయిందని మా పిన్ని మామగారు చెప్పేవారు. ఆ రన్‌వే ఊళ్ళో అందరికీ తెలుసు. ఈ మాత్ర కూడా ఆ యుద్ధం ఇచ్చిందేనని ఎంతమందికి తెలుసు?

సుబ్బారావుగారి కథ తెలుగువాళ్ళకి తెలియంది కాదు. అన్నదమ్ములిద్దర్ని స్ప్రూ జబ్బు ఎత్తుకుపోయింది, తనూ దాని బారిన పడి ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బతికారు. 1923లో అమెరికా వెళ్ళి, బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పళ్ళేలు కడిగే పని చేసి పొట్టపోసుకున్నారు. మళ్ళీ తిరిగి రాలేదు. 1948లో యాభైమూడేళ్ళకే అక్కడే పోయారు. ఆడదాన్ని కదా, నా మనసు ఆయన భార్య శేషగిరిగారి దగ్గర ఆగిపోతుంది. 1919లో పెళ్ళి, నాలుగేళ్ళకి ఆయన ఓడెక్కారు. ఇరవై అయిదేళ్ళ ఎదురుచూపు. ఆయన మందులు ఊళ్ళు తిరిగొచ్చాయి గానీ ఆయన రాలేదు. ఫైలేరియా జిల్లాలో పుట్టినాయనకి ఈ మందు మీద పనిచేస్తున్నప్పుడు భీమవరం వీధుల్లో చూసిన కాళ్ళు గుర్తొచ్చి ఉంటాయా? ఉంటాయనే అనుకోవాలనిపిస్తుంది నాకు. నవలలు రాసుకునేదాన్ని, ఆ మాత్రం చనువు నాకుంది.

మరి పిన్ని సంగతి చెప్పాలి. ఆదివారం పెళ్ళివారొచ్చారు, పిల్ల నచ్చింది, ఆ శ్రావణంలోనే పెళ్ళయింది. అటకమీద దాక్కున్న కథ తాడేపల్లిగూడెం చేరలేదు. మూడేళ్ళ తరవాత, పెద్దపిల్ల పుట్టాక, ఒక సాయంత్రం ఉన్నట్టుండి చలిజ్వరం. గజ్జల్లో బిళ్ళ కట్టింది. తొడ దగ్గర్నుంచి కిందకి ఎర్రటి చార. నాలుగు రోజులకి తగ్గింది. మూణ్ణెల్లకి మళ్ళీ. ఈసారి పాదంమీద పొంగు దిగలేదు. మన జిల్లాలో పుట్టిన ఆడదానికి ఇదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. పిన్ని మాత్రం కాలు బెణికిందని, చెప్పు కరిచిందని ఏడాది నెట్టుకొచ్చింది. చీర కుచ్చెళ్ళు కిందికి దిగాయి.

ఇది కనిపెట్టింది ఆమె అత్తగారు. ఒకరోజు మధ్యాహ్నం, మగవాళ్ళు కొట్టుకి పోయాక, పిన్నిని గదిలోకి పిలిచి తలుపు వేసిందట. ఇంక పుట్టింటికి పంపేస్తుంది కాబోలని పిన్నికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆవిడ మంచంమీద కూచుని, తన చీర అంచు జానెడు పైకి తీసింది.

"చూశావుగా! నాదీ ఇంతే. నీ మామగారికి తప్ప ఎవరికీ తెలీదు. నేను దాచుకుని పాడుచేసుకున్నాను. నువ్వు దాచకు" అంది.

ఆ వారమే రాత్రి పదకొండింటికి పరీక్ష. అత్తాకోడళ్ళిద్దరూ రిక్షాలో వెళ్ళారు. ఇది నాకు పిన్నే చెప్పింది, ఎన్నో ఏళ్ళ తరవాత. సూదికి చెయ్యి చాపుతుంటే, ఒణుకుతుంటే, అత్తగారు మణికట్టు పట్టుకుందట. "అటకమీద నాలుగ్గంటలు కూచున్నానే, ఎలకలు కాళ్ళమీంచి పోయాయి. ఆ రాత్రి కిందికి దిగి వేలు చాపితే అర నిమిషం" అంది పిన్ని. అప్పుడు పరీక్ష చేయించుకుని ఉంటే ఏం తేలేదో, కాలు దక్కేదో లేదో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? ఆమె మాత్రం ఆ లెక్క ఇంకా వేసుకుంటూనే ఉంటుంది.

ఆ మాట విన్నాక నేనూ ఒక లెక్క వేసుకున్నాను. ఆ రాత్రి నా నోటిదాకా వచ్చిన "ఆరు" అన్న మాట.

2004లో దేశమంతటా జాతీయ ఫైలేరియా దినం అని పెట్టి, మళ్ళీ ఊరందరికీ ఏడాదికోసారి మాత్రలు పంచే పద్ధతి మొదలెట్టారు. పదిమందికి బదులు అందరూ మింగితే, కొన్నేళ్ళు వరసగా మింగితే, దోమకి మోసుకుపోవడానికి ఏమీ మిగలదని లెక్క. లెక్క మంచిదే. మా వీధిలో ఆ మాత్రలు ఎక్కువ భాగం పోపుల పెట్టెలోనూ, దేవుడి గూట్లోనూ ఉండిపోయాయి. "మాకేం జబ్బు, మేం బాగానే ఉన్నాంగా" అన్నది అందరి మాటా. తాతయ్య కూడా బాగానే ఉన్నారని నేను చెబితే ఆ అమ్మాయిలు, పాపం, ఆసక్తిగా విన్నారు. మింగారో లేదో తెలీదు. హిన్ లో పుట్టిన చైనా మాత్రం ఉప్పులో ఈ మందు కలిపి జనం చేత తినిపించి, 2007 నాటికి జబ్బుని వదిలించుకుంది. మన కారైక్కాల్‌లోనూ 1980లలో ఈ ఉప్పు పెట్టి చూశారు. దేశమంతా అదే పని చెయ్యలేదు. ఇప్పుడు 2027ని గడువుగా పెట్టుకున్నారు.

పగలే చెయ్యగల పరీక్ష కూడా వచ్చింది. చిన్న అట్టముక్కలాంటిదానిమీద వేలి చుక్క వేస్తే, పదినిమిషాల్లో గీత కనిపిస్తుంది. తల్లిపురుగు వదిలే పదార్థాన్ని అది పట్టుకుంటుంది, అందుకని దానికి వేళతో పనిలేదు. అయినా ఊళ్ళల్లో పురుగు ఎంతుందో లెక్క తీయడానికి రాత్రి పలకలు పూర్తిగా పోలేదు.

వాచిన కాలు సంగతి కూడా ఇదివరకులా చేతులెత్తేసేది కాదు. మాత్రలతో వాపు తగ్గదు గానీ, మాటిమాటికీ వచ్చే ఆ చలిజ్వరాలు చాలావరకు చర్మం పగుళ్ళలోంచి దూరే సూక్ష్మక్రిముల వల్లనేనట. కాలు శుభ్రంగా ఉంచుకుంటే జ్వరాలు తగ్గుతాయి, జ్వరాలు తగ్గితే కాలు పెరగడం తగ్గుతుంది. ఇదేమీ ఖరీదు వైద్యం కాదు. సబ్బూ, నీళ్ళూ, మెత్తటి గుడ్డా.

కిందటి సంక్రాంతికి తాడేపల్లిగూడెం వెళ్ళాను. పిన్నికి యాభై ఆరేళ్ళు. రాత్రి భోజనాలయ్యాక దొడ్లో పీట వేసుకుని కూచుంది. గోరువెచ్చని నీళ్ళు, సబ్బు. పాదం కడుక్కుని, వేళ్ళ సందుల్లో ఒక్కొక్కటీ పొడిగుడ్డతో అద్దుకుని, పగుళ్ళేమైనా ఉన్నాయేమోనని లైటు దగ్గరికి పెట్టి చూసుకుంది. పాతికేళ్ళకి పైగా ఏ రోజూ తప్పలేదట. కాలు అప్పుడెంతుందో ఇప్పుడూ అంతే, కొంచెం పొంగు. చీర చీలమండకి పైనే కట్టుకుంది. మనవరాలు వచ్చి "మామ్మా, నీ ఒక కాలు లావుగా ఎందుకుందే?" అంది, ఇంటినిండా చుట్టాలుండగా.

"దోమ కుట్టిందే" అంది పిన్ని. "ఆ గుడ్డ ఇలా అందుకో."